హీల్ లోపలి ఫౌలాద్

మా ఆపా బిడ్డ ఒక షోరూంలో సేల్స్ కౌంటర్ మీద పనిచేస్తుంది. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే నౌకరీ. ఆడపిల్లలు హీల్స్ వేసుకునే రావాలన్నది అక్కడి ఖాయిదా. కాగితం మీద రాసి ఇచ్చిన ఖాయిదా కాదు, చేరిన రోజే చెవిన వేసిన మాట. మొదటి తన్‌ఖా చేతికి రాకముందే పాపం బజారుకు పోయి 450 రూపాయలు పెట్టి నల్లటి, సన్నటి, నిగనిగలాడే జోడు కొనుక్కుంది. మూడు నెలలు కూడా తిరక్కుండానే, స్టాకు డబ్బాలు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఎడమ కాలి హీల్ టక్కున విరిగింది. చీలమండ ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాల తన్‌ఖా లేదు.

నేను చూడ్డానికి పోయినప్పుడు మంచం కింద ఆ జోడు కనిపించింది. ఒకటి నిటారుగా నిలబడి ఉంది, రెండోది పక్కకు ఒరిగి పడి ఉంది. ఆపా వాటిని చెత్తలో వేయబోతుంటే వద్దని సంచిలో వేసుకుని వచ్చాను. మా గల్లీ మొగలో కూర్చునే మోచీ చాచాకు చూపించాను. ఆయన దక్కనీలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను.

"ఇది అతికేది కాదు బేటీ" అన్నాడు ముందు. తర్వాత తన పెట్టెలోంచి గుండ్రటి అయస్కాంతం తీశాడు. పాత రేడియో స్పీకర్ వెనక ఉండేది. కింద రాలిన మేకులు ఏరుకోవడానికి పెట్టుకున్నాడట. విరగని కుడి చెప్పు తీసుకుని హీల్ పైభాగాన ఆనించాడు. పట్టుకుంది. మెల్లగా కిందికి జరిపాడు. సగంలోకి రాగానే టప్పున జారి ఒళ్ళో పడింది. అడుగున, నేలకు ఆనే ముక్క దగ్గర మళ్ళీ పట్టుకుంది.

"చూసినవా? పైన ఫౌలాద్ ఉంది. కింద ఉంది. నడుమ లేదు. విరిగింది ఆ నడుమనే."

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఫికర్ పట్టుకుంది. హీల్ లోపల ఈ ఫౌలాద్ పెట్టాలని మొదట ఎవరికి తట్టింది? పెట్టిన దాన్ని సగానికి కోసింది ఎవరు? మనం హీల్స్ గురించి మాట్లాడితే ఫ్యాషన్ గురించి మాట్లాడతాం, లేదంటే పిల్లల్ని తిట్టడానికి మాట్లాడతాం. రెండూ జాహిర్ సంగతులే. దాని బాతిన్ సంగతి ఎవరూ చెప్పరు. చదివినకొద్దీ నాకు తెలిసిందేమిటంటే, స్టిలెట్టో తారీఖ్ మొత్తం ఆ కనిపించని చువ్వ తారీఖే.

ముందు పేరు సంగతి. స్టిలెట్టో ఇటలీ మాట. సన్నటి ఖంజర్‌కు పేరు. కోయడానికి కాదు, పొడవడానికి చేసిన ఆయుధం. ఇనుప కవచం సందుల్లోంచి దూరిపోయేంత సన్నగా ఉండేది. 1950లలో ఇంగ్లిష్‌వాళ్ళు ఆ పేరు తీసుకొచ్చి చెప్పు మడమకు తగిలించారు. తమాషా ఏమిటంటే ఇటలీలో దాన్ని గుండుసూది హీల్ అనే అంటారు. ఫ్రాన్స్‌లో సూది హీల్ అంటారు. ఖంజర్ చేసినవాళ్ళు సూది అంటుంటే, కొనుక్కున్నవాళ్ళు ఖంజర్ అంటున్నారు.

ఇక హీల్ అనే వస్తువు. ఇది ఆడవాళ్ళ నజాకత్ కోసం పుట్టింది కాదు. మగవాళ్ళ సవారీ కోసం పుట్టింది. ఈరాన్ సవార్లు గుర్రం మీద లేచి నిలబడి బాణం వేసేవాళ్ళు. రికాబులో పాదం జారకుండా గట్టిగా ఇరుక్కోవడానికి జోళ్ళ అడుగున ఎత్తు మడమ పెట్టుకునేవాళ్ళు. జీను, రికాబు, సవారీ అనే మాటలు తెలుగులోకి ఏ దారిన వచ్చాయో మనకు తెలుసు. మన పెద్దవాళ్ళు చెప్పుల్ని పాపోసులు అనేవాళ్ళే, అదీ ఫార్సీ పాపోషే. పా అంటే పాదం, పోష్ అంటే కప్పేది. పాదం మాటలు మనకు ఇచ్చిన మనుషులే మడమను ఎత్తు చేసింది కూడా.

1599లో షా అబ్బాస్ తన సఫీర్లను యూరప్ దర్బార్లకు పంపాడు. ఉస్మానీ సుల్తాన్ల మీద పోరుకు దోస్తులు దొరుకుతారేమోనని. ఆ జమానాలోనే యూరప్ అమీర్లకు ఈరానీ షౌక్ పట్టుకుంది, మడమ ఎత్తు జోళ్ళు అక్కడి మగవాళ్ళ కాళ్ళకు ఎక్కాయి. గుర్రం దిగినా హీల్ దిగలేదు. పొలానికి పోయేవాడు, మూట మోసేవాడు దాన్ని వేసుకోలేడు కదా, అదే దాని షాన్. ఫ్రాన్స్ బాద్షా పద్నాలుగో లూయీ తన జోళ్ళ మడమలకు ఎర్ర రంగు వేయించాడు. దర్బార్‌లో ఎర్ర మడమ అంటే బాద్షాకు దగ్గరివాడని నిషానీ. 1701లో రీగో అనే ముసవ్విర్ వేసిన తస్వీర్‌లో ఆ ముసలి బాద్షా కాళ్ళు చూపిస్తూ నిలబడి ఉంటాడు, మడమలు ఎర్రగా. ఈ ఎర్ర రంగును గుర్తు పెట్టుకోండి, మూడొందల ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో మగవాళ్ళు హీల్ వదిలేశారు. ఫ్రాన్స్ ఇన్‌ఖిలాబ్ తర్వాత ఆడవాళ్ళు కూడా చాలాకాలం వదిలేశారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆడవాళ్ళ జోళ్ళకు మళ్ళీ వచ్చింది. అక్కణ్ణుంచి మన కిస్సా మొదలు.

అప్పటిదాకా హీల్ అంటే కట్టె. గట్టి కట్టెను చెక్కి, పైన తోలు అంటించేవాళ్ళు. కట్టెకు ఒక ముష్కిల్ ఉంది. వెడల్పుగా ఉన్నంతసేపు ఏనుగును మోస్తుంది. సన్నగా చెక్కితే దాని నారలు విడిపోతాయి. మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే, రోకలి విరగదు, అదే కట్టె చీపురుపుల్లంత చేస్తే విరుగుతుంది. అందుకే 1940ల దాకా హీల్ ఎంత ఎత్తు పోయినా సన్నం కాలేకపోయింది. కింద కనీసం ఒక రూపాయి బిళ్ళంత ఉండాల్సిందే. ఫ్యాషన్ వద్దని కాదు, కట్టె ఒప్పుకోక.

హీల్ లోపలి ఫౌలాద్ కన్నా ముందు పాదం కింద ఫౌలాద్ వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు సాల్వతోరె ఫెర్రగామో. 1898లో ఇటలీలోని బొనీతో అనే పల్లెలో గరీబ్ ఖాందాన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే మోచీ పని నేర్చుకున్నాడు. కుర్రతనంలోనే అమెరికా పోయి హాలీవుడ్ సినిమాలకు జోళ్ళు కుట్టాడు. అందమైన జోళ్ళు వేసుకున్న తారలు కాళ్ళు నొప్పులని ఎందుకు ఏడుస్తున్నారో అతనికి అర్థం కాలేదట. యూనివర్సిటీకి పోయి మనిషి ఎముకల చదువు చదివాడు. నిలబడినప్పుడు వజన్ అంతా పాదం వంపు మీద పడుతుందని తేల్చుకుని, ఆ వంపు కింద జోడులో సన్నటి ఫౌలాద్ పట్టీ పెట్టాడు. మన ఇళ్ళలో గోడల మధ్య బీము ఎలాగో, ఆ పట్టీ అలాగ. ఎత్తు హీల్‌కీ ముందు వేళ్ళకీ మధ్య ఉన్న వంతెన కుంగిపోకుండా పట్టి ఉంచుతుంది.

1927లో అతను ఫ్లోరెన్స్‌కు తిరిగి వచ్చాడు. 1935లో ముస్సోలినీ హబషా మీద దాడి చేశాడు. దేశాల సమితి ఇటలీ మీద పాబందీలు పెట్టింది. మంచి ఫౌలాద్ దొరకడం బంద్ అయింది. నాసిరకం పట్టీలు పెడితే జోళ్ళు పుటుక్కున విరుగుతున్నాయి. అప్పుడు ఫెర్రగామో ఏం చేశాడో చూడండి. విరిగే పట్టీ పెట్టి అమ్ముకోలేదు. పట్టీ అవసరమే లేకుండా చేశాడు. సార్డీనియా ద్వీపం నుంచి బెండు కట్టె తెప్పించి, హీల్‌కీ వేళ్ళకీ మధ్య ఖాళీ మొత్తం దాంతో నింపేశాడు. ఇవాళ మనం వెడ్జ్ అంటున్నది అదే. కడుపుతో ఉన్న ఆడపిల్లలకు కూడా ఇవి వేసుకోవచ్చని దుకాణాలవాళ్ళు చెబుతుంటారు కదా, దాని వెనక ఒక జంగ్, ఒక ఫౌలాద్ కరువు ఉన్నాయి.

నాకు ఈ మనిషి మీద ఇజ్జత్ ఇక్కడే కలిగింది. మాల్ లేనప్పుడు నమూనా మార్చాడు. నమూనా అలాగే ఉంచి మాల్ ఎగ్గొట్టలేదు. మా భాంజీ జోడు చేసినవాళ్ళు దీనికి సరిగ్గా ఉల్టా చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తోలు కరువు, గుడ్డ కరువు. ఆడవాళ్ళు మొద్దు అడుగుల జోళ్ళతో నడిచారు. యుద్ధం అయిపోయాక 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, గజాల కొద్దీ గుడ్డ పట్టే లంగాలతో కొత్త పహనావా చూపించాడు. ఆ నడుముకు కింద మొద్దు జోళ్ళు సరిపడలేదు. 1953 నుంచి డియోర్‌కు జోళ్ళు చేసినవాడు రోజే వివియే. శిల్పం చదివినవాడు, మోచీ ఖాందాన్ కాదు. అదే సంవత్సరం ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ తాజ్‌పోషీకి బంగారు రంగు మేకతోలు మీద, మడమల్లో కెంపులు పొదిగిన జోడు నమూనా గీసింది అతనే. 1954 ప్రాంతంలో అతని చేతి మీదుగా సూదంత హీల్ పారిస్‌లో కనిపించింది.

మొదటివాడు అతనేనా అంటే తగాదా ఉంది. ఫెర్రగామో పేరు చెప్పేవాళ్ళున్నారు, పారిస్‌లోనే ఆంద్రే పెరూజియా పేరు చెప్పేవాళ్ళున్నారు. ఇటలీలో మిలాన్ దగ్గర విజేవనో అనే ఊరంతా జోళ్ళ కారీగర్లదే, మా దగ్గరే పుట్టిందని ఆ ఊరివాళ్ళ దావా. నా మటుకు నాకు ఈ తగాదా అంత దిల్‌చస్ప్‌గా లేదు. సన్నటి హీల్ గీయడం పెద్ద పని కాదు. పెన్సిల్‌తో ఎవరైనా గీస్తారు. నిలబెట్టడమే పని.

కట్టె మధ్యలో ఫౌలాద్ చువ్వ దించి చూశారు. అల్యూమినియంతోనూ హీల్స్ పోసి చూశారు. ఆఖరుకు 1950ల నడుమ ఇటలీలో కుదిరింది అసలు తరకీబ్. హీల్ ఆకారంలో లోహపు అచ్చు. అచ్చు మధ్యలో ముందే ఒక ఫౌలాద్ చువ్వను నిలబెడతారు. కరిగిన ప్లాస్టిక్‌ను జోరుగా లోపలికి కొడతారు. చల్లారాక అచ్చు విప్పితే, చువ్వ చుట్టూ ప్లాస్టిక్ గడ్డకట్టి ఒకటే ముక్క అయి ఉంటుంది. వజన్ మోసేది చువ్వ, సూరత్ ఇచ్చేది ప్లాస్టిక్. మన స్లాబుల్లో సలాక చుట్టూ సిమెంట్ పోసినట్టే. ఒక కారీగర్ పూట పట్టి చెక్కే హీల్, మెషిన్ దగ్గర నిమిషాల పని అయింది. ఇదే లేకపోతే స్టిలెట్టో పారిస్‌లో నలుగురు బేగమ్‌ల కాళ్ళ దగ్గరే ఆగిపోయేది. లండన్‌లో టైపిస్ట్ పిల్లల దాకా, అక్కణ్ణుంచి మన గల్లీల దాకా వచ్చేది కాదు.

ఆ జమానాలో హీల్ చివర చిన్న లోహపు ముక్క కూడా ఉండేది. దాంతో కొత్త బలా వచ్చిపడింది. లెక్క చూడండి. 60 కిలోల మనిషి నడుస్తూ ఒక మడమ మోపిన క్షణంలో దాదాపు వజన్ అంతా ఆ చివర మీదే పడుతుంది. ఆ చివర ఒక చదరపు సెంటీమీటర్ అనుకుంటే, అంత చోటు మీద 60 కిలోలు. నాలుగు వేల కిలోల ఏనుగు తీసుకోండి. నాలుగు కాళ్ళు, ఒక్కో పాదం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, సెంటీమీటర్‌కు ఒక కిలో. అంటే ఏనుగు కన్నా మన పిల్ల నేలను అరవై రెట్లు ఎక్కువ నొక్కుతోంది! నాచ్ ఘరాల చెక్క నేలలు, దఫ్తర్ల లినోలియం గచ్చులు చిల్లులు పడ్డాయి. మ్యూజియంల దగ్గర హీల్స్‌కు పాబందీ పెట్టారు. అమెరికాలో కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున కార్మెల్ అనే చిన్న ఊరుంది. 1963లో అక్కడ ఖానూన్ చేశారు. రెండంగుళాల కన్నా ఎత్తు, అడుగున చదరపు అంగుళం కన్నా తక్కువ ఉన్న హీల్ వేసుకోవాలంటే మునిసిపాలిటీ ఇజాజత్ నామా తీసుకోవాలి. చెట్ల వేళ్ళకు ఎత్తుపల్లాలైన కాలిబాట మీద ఎవరైనా పడి దావా వేస్తారని వాళ్ళ భయం. ఆ ఖానూన్ ఇంకా ఉంది. ఇజాజత్ ముఫ్త్‌గా ఇస్తారు, టూరిస్టులు షౌక్‌గా తీసుకుంటారు.

తర్వాత చివరి ముక్క లోహం నుంచి నైలాన్‌కు, అక్కణ్ణుంచి పాలియురెథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌కు మారింది. ఇది నిజంగా మంచి మార్పు. చప్పుడు తగ్గింది, పాలరాయి మీద జారడం తగ్గింది, అరిగితే మోచీ పటకారుతో పీకి కొత్తది దించుతాడు. పాతదంతా బంగారం అని నేను అననని చెప్పడానికే ఇది రాస్తున్నాను. 1950ల జోడులో పాదం కింద మెత్త అనేదే దాదాపు ఉండేది కాదు. ముందు భాగం సూదిమొన. ఆ మొన లోపల వేళ్ళు ఎలా ఇరుక్కునేవో వాటికే ఎరుక.

1960ల నడుమ గౌన్లు పొట్టివయ్యాయి, హీల్స్ కూడా పొట్టివయ్యాయి. 1970లు మొద్దు ప్లాట్‌ఫారం జోళ్ళవి. ఆ దశాబ్దం మొదట్లో లండన్‌లో జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. మనోలో బ్లానిక్ అనే కుర్రవాడు, స్పెయిన్‌వాళ్ళ కెనరీ ద్వీపాల్లో పుట్టినవాడు, ఒసీ క్లార్క్ అనే దర్జీ ఫ్యాషన్ షోకు మొదటిసారి జోళ్ళు చేశాడు. హీల్స్ రబ్బరుతో చేశాడు, లోపల ఫౌలాద్ పెట్టడం మరిచాడు. దీపాల వేడికి రబ్బరు మెత్తబడి, మోడల్ పిల్లలు బురదలో నడిచినట్టు ఊగుతూ నడిచారు. చూసినవాళ్ళు అదేదో కొత్త నడక అనుకున్నారట! బ్లానిక్ మాత్రం సిగ్గుపడి కార్ఖానాలు తిరిగి, కారీగర్ల దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. తర్వాత దశాబ్దాల పాటు సన్నటి హీల్‌కు అతని పేరే నమూనా అయింది. అమెరికా టీవీ సీరియల్ ఒకటి 1998 నుంచి ఆ పేరును ఇంటింటికీ చేర్చింది.

1980లలో ఆడవాళ్ళు దఫ్తర్లలో పెద్ద కుర్సీలకు వస్తున్నప్పుడు స్టిలెట్టో తిరిగి వచ్చింది. 1990లలో దాని కీమత్ ఆస్మాన్‌కు చేరింది. క్రిస్టియన్ లూబుతాన్ పారిస్‌లో చిన్నప్పుడు ఒక మ్యూజియం దగ్గర బోర్డు చూశాడు. హీల్ బొమ్మ మీద అడ్డంగా గీత. చెక్క నేల పాడవుతుందని పెట్టిన పాబందీ అది. ఆ బొమ్మే అతని మనసులో నాటుకుంది. వివియే దగ్గర కొంతకాలం పనిచేసి, 1991లో సొంత దుకాణం తెరిచాడు. రెండేళ్ళకు, దుకాణంలో పనిచేసే అమ్మాయి గోళ్ళకు వేసుకుంటున్న ఎర్ర రంగు తీసుకుని ఒక జోడు అడుగుకు పూశాడు. లూయీ బాద్షా ఎరుపు మళ్ళీ వచ్చిందన్నమాట, ఈసారి మడమకు కాదు, అడుగుకు. ఆ ఎరుపు నాదేనంటూ అదాలత్‌కు కూడా పోయాడు. 2012లో న్యూయార్క్ అప్పీల్ అదాలత్, జోడు పైభాగం వేరే రంగులో ఉన్నంతవరకు ఎర్ర అడుగు అతని నిషానీయే అంది.

నేను ఇది చదివి కాసేపు నవ్వుకున్నాను. అడుగున పూసిన రంగుకు వకీళ్ళున్నారు, అదాలత్‌లున్నాయి. లోపలి చువ్వ పొడవుకు ఎవరూ లేరు.

2000ల తర్వాత ఎత్తు విపరీతంగా పెరిగింది. 1950లలో ఏడెనిమిది సెంటీమీటర్లు మంచి ఎత్తు. ఇప్పుడు 12, కొన్నిట్లో 15. ఇది ఎలా సాధ్యమైందంటే వేళ్ళ కింద మూడు నాలుగు సెంటీమీటర్ల మందం దాచారు. పాదం ఏటవాలు అంతగా పెరగదు, మనిషి మాత్రం లేస్తుంది. కానీ హీల్ పొడవు పెరిగినకొద్దీ లోపలి చువ్వ ఇంకా గట్టిగా ఉండాలి. పొడుగు కర్రను వంచడం పొట్టి కర్రను వంచడం కన్నా తేలిక కదా.

మంచి జోడులో ఇవాళ కూడా లోపల గట్టి ఫౌలాద్ గొట్టం ఉంటుంది, పై నుంచి దాదాపు చివరి దాకా. చుట్టూ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. హీల్‌ను అడుగుకు బిగించడానికి లోపలి నుంచి ఒక పొడుగు మర, దాని చుట్టూ నాలుగైదు మేకులు. పాదం వంపు కింద ఫెర్రగామో పట్టీ. సస్తా జోడులో ఇవన్నీ పేరుకు ఉంటాయి. గొట్టం బదులు పల్చటి రేకును చుట్టి పెడతారు, అదీ సగం దాకా. ఐదు మేకుల చోట రెండు. పట్టీ వంచితే వంగిపోతుంది. తోలు పోయి రెగ్జిన్ వచ్చింది, కుట్టు పోయి గోందు వచ్చింది. కొన్ని రకాల పాలియురెథేన్‌కు గాలిలో తేమే చాలు, పెట్టెలో పెట్టినా కొన్నేళ్ళకు పొడి పొడిగా రాలిపోతుంది. ఈద్‌కు కొని మళ్ళీ ఈద్‌కు తీస్తే అడుగు చేతికి అంటుకోవడం మీరూ చూసే ఉంటారు.

దీనికి కారీగర్లను అంటే గునాహ్. ఆంబూరు, వాణియంబాడి మనకు దూరం కాదు, చిత్తూరు దాటితే వస్తాయి. అక్కడి మన మనుషుల తోలు కార్ఖానాలు ఎంత పాతవో తెలిసిందే. యూరప్‌కు పోయే జోళ్ళు అక్కడ కుడతారు. ఆగ్రాలో ఇంటింటా జోళ్ళ హునర్ ఉంది. అదే చేతులు బయటికి పోయే మాల్ ఒక తీరుగా, గల్లీ బజార్ మాల్ ఒక తీరుగా చేస్తాయి. హునర్ తగ్గి కాదు. 450 రూపాయల్లో దుకాణం కిరాయి, దళారీ కమిషన్, లారీ బాడుగ పోగా కారీగర్‌కు మిగిలేదాంట్లో రెండంగుళాల ఫౌలాద్ ఎగిరిపోతుంది. ఎందుకంటే అది కనిపించదు. కనిపించే నిగనిగ మాత్రం ఎగరగొట్టలేరు, ఎగరగొడితే మనం కొనం.

ఇంకొకటి కూడా చెప్పాలి. షౌక్‌తో వేసుకునేవాళ్ళది ఒక సంగతి, మజ్బూరీతో వేసుకునేవాళ్ళది ఇంకో సంగతి. ఎప్పుడూ ఎత్తు హీల్స్ వేసుకునే ఆడవాళ్ళ పిక్క కండల నారలు సుమారు 13 శాతం పొట్టివైనట్టు 2010లో ఒక పరిశోధన చెప్పింది. షౌక్ ఉన్నవాళ్ళు నొప్పి పుడితే విప్పేస్తారు. నౌకరీ చేసే పిల్ల విప్పలేదు. 2015లో లండన్‌లో ఒక రిసెప్షనిస్ట్ హీల్స్ లేకుండా వచ్చిందని ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన అర్జీ మీద లక్షన్నర మందికి పైగా దస్తఖత్ చేశారు, పార్లమెంట్‌లో బహస్ జరిగింది, ఖానూన్ మాత్రం మారలేదు. 2017లో ఫిలిప్పీన్స్ హుకుమత్ మాత్రం ఆడవాళ్ళను హీల్స్ వేసుకొమ్మని జబర్దస్తీ చేయొద్దని హుకుం ఇచ్చింది. 2019లో జపాన్ ఆడవాళ్ళు కూటూ అనే పేరుతో లేచారు. వాళ్ళ భాషలో కుత్సు అంటే జోడు, కుత్సూ అంటే బాధ, ఆ రెంటినీ కలిపి కట్టిన పేరది. మన షాపింగ్ మాళ్ళల్లో, షోరూంలలో పిల్లల మాట ఇంకా పైకి రాలేదు. వాళ్ళు పొద్దున చెప్పులతో బస్సెక్కి, హీల్స్ సంచిలో పెట్టుకుని పోతారు. మీ ఇంట్లోనూ ఒకరు ఉండొచ్చు, అడిగి చూడండి.

ఇక మా ఇంటి సంగతి. మోచీ చాచా అయస్కాంతం చూశాక నాకు అమ్మీ సందూఖ్ గుర్తొచ్చింది. మా అబ్బా జిద్దాలో డ్రైవర్‌గా ఉన్నప్పుడు, 1984లో సెలవు మీద వస్తూ అమ్మీకి ఒక జోడు తెచ్చాడు. గోధుమరంగు తోలు, మూడంగుళాల సన్నటి హీల్, లోపల బంగారు అక్షరాలు, ఇటలీలో చేసినదని. అమ్మీ కాలికి ఒక నంబరు చిన్నదైంది. "మీ అబ్బా దుకాణంల జోడు చూసిండు, ఇంట్ల నా కాలు చూడలేదు" అని ఇప్పటికీ అంటుంది. అట్లా నలభై ఏళ్ళు పాత దుపట్టాలో చుట్టి పెట్టి ఉంది.

దాన్ని తీసుకుపోయి చాచా ముందు పెట్టాను. తోలు అక్కడక్కడ పగిలింది. చాచా అడుగు తట్టి చూశాడు, పాదం వంపు రెండు చేతులా పట్టుకుని వంచబోయాడు, వంగలేదు. అయస్కాంతం హీల్ పైన పెట్టి కిందికి జరిపాడు. ఎక్కడా జారలేదు. ఇంకోసారి జరిపాడు. "అస్లీ" అన్నాడు, అంతే. పైసలు తీసుకోకుండా తోలుకు కొంచెం నూనె రాసి ఇచ్చాడు.

కట్టు విప్పాక మా భాంజీ మళ్ళీ నౌకరీకి పోవాలి, ఖాయిదా అదే. ఎత్తు తగ్గించి రెండంగుళాల వెడల్పు హీల్ వేసుకుంటానని అడిగితే సూపర్‌వైజర్ ఇంకా జవాబు ఇవ్వలేదు. జవాబు ఏదైనా జోడు కావాలి కదా అని పోయిన ఇత్వార్ ఇద్దరం బజారుకు పోయాం. దుకాణం అతను వరసగా డబ్బాలు విప్పుతున్నాడు. పిల్ల తన పర్సులోంచి అయస్కాంతం తీసింది, చాచా దగ్గర అడిగి తెచ్చుకుందట, నాకు చెప్పలేదు. మొదటి జోడుకు పెట్టి జరిపింది, జారింది. రెండోది, జారింది. మూడోది కూడా జారింది.

దుకాణం అతను చూసి చూసి, "అమ్మా, ఇది చెప్పుల దుకాణం, లోహార్ దుకాణం కాదు" అన్నాడు.

"అయితే ఇవన్నీ లోపల పెట్టేయండి భయ్యా" అంది పిల్ల. "ఫౌలాద్ ఉన్నది చూపించండి."

అతను కాసేపు ఆమె కాలి వైపు చూశాడు. నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒక పాత డబ్బా దించాడు.